బెంగళూరుకి రాత్రిపూట ఒంటరిగా కారులో వెళ్తున్నారా? హోటల్ పార్కింగ్ గురించి ముందే చూసుకోవాల్సినవి

హోటల్ బుక్ చేసేటప్పుడు గది ఫోటోలు చూస్తాం, బాత్రూమ్ చూస్తాం, టిఫిన్ ఉచితమా కాదా చూస్తాం, రివ్యూల్లో ఎవరైనా నల్లుల గురించి రాశారేమోనని వెతుకుతాం. కారు ఎక్కడ పెట్టాలి, పెట్టాక రిసెప్షన్‌కి ఎటునుంచి నడవాలి అన్నది మాత్రం వెళ్లాక చూసుకుందాంలే అని వదిలేస్తాం. తీరా వెళ్లేసరికి రాత్రి పదకొండు, ఒళ్లంతా హూనం, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవస్తుంటుంది, చేతుల్లో రెండు బ్యాగులు. గదికి గడియ ఉంటుంది, రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు. ఈ రెండూ లేని చోటు పార్కింగే.

ముఖ్యంగా మన వైపు నుంచి సొంత కారులో ఒంటరిగా బెంగళూరు వచ్చే ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 570 కిలోమీటర్లు. పొద్దున టిఫిన్ చేసి తాపీగా బయల్దేరితే హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడిపోతుంది, అక్కణ్నుంచి మారతహళ్లికో ఎలక్ట్రానిక్ సిటీకో చేరడం మళ్లీ ఇంకో ప్రయాణం. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్లకి ముళబాగిలు, కోలారు, హొసకోటె దాటాక కేఆర్ పురం దగ్గర అదే కథ. మగవాళ్లూ చదవండి. కారు అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లేవాడు సీటు మీద బ్యాగు ఉందా లేదా చూస్తాడు గానీ అది ఎవరిదని అడగడు.

ఒక మాట ముందే చెప్పేస్తా. చీకటి కంటే కూడా పార్కింగ్‌లో మనల్ని ఎక్కువ ఇరుకున పెట్టేది మన మొహమాటం. కునుకు తీస్తున్న గార్డుని లేపడానికి మొహమాటం, లిఫ్ట్ దాకా తోడు రమ్మని అడగడానికి మొహమాటం, లిఫ్ట్‌లోకి ఎక్కినవాడి వాలకం నచ్చకపోయినా దిగిపోతే ఏమనుకుంటాడోనని మొహమాటం. కింద రాసినవాటిలో సగం దీనికి మందే అనుకోండి.

1. బుక్ చేసే ముందే ఒక ఫోన్ కొట్టండి

బుకింగ్ యాప్‌లో ‘ఉచిత పార్కింగ్ ఉంది’ అని రాసి ఉంటుంది. ఆ మాటకి బెంగళూరులో కనీసం నాలుగు అర్థాలున్నాయి. పెద్ద హోటళ్లలో అయితే ముందు పోర్టికో, అక్కడ మన తాళం తీసుకుని కారు తామే పెట్టొచ్చే వ్యాలే కుర్రాళ్లు, కింద రెండు మూడు అంతస్తుల బేస్‌మెంట్. మారతహళ్లి, కుందలహళ్లి, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ లాంటి చోట్ల మధ్యరకం హోటళ్లలో బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య స్టిల్ట్ పార్కింగ్, ఆరేడు కార్లకి మించి పట్టవు, మీ వెనక ఇంకొకరు పెడతారు. కొన్నిచోట్ల ఇనుప పలకల మీద కారుని పైకెత్తే మెకానికల్ పార్కింగ్. ఇక మెజెస్టిక్, గాంధీనగర్ వైపు పాత లాడ్జీల్లో చాలావాటికి సొంత పార్కింగే ఉండదు, పక్క సందులోనో దగ్గర్లోని పే అండ్ పార్క్‌లోనో పెట్టుకోమంటారు. అంటే రాత్రి పదకొండున్నరకి బ్యాగులతో వీధిలో నడవాలన్నమాట.

కాబట్టి యాప్‌ని నమ్మకుండా నేరుగా హోటల్ ల్యాండ్‌లైన్‌కి చెయ్యండి. అడగాల్సినవి ఇవి: పార్కింగ్ మీ కాంపౌండ్ లోపలేనా? నేల మీదా, బేస్‌మెంటా? లిఫ్ట్ బేస్‌మెంట్ దాకా వస్తుందా, లేక గ్రౌండ్ ఫ్లోర్ దాకా మెట్లెక్కాలా? రాత్రంతా గార్డు ఉంటాడా? మెయిన్ గేటు ఎన్నింటికి వేస్తారు? చిన్న హోటళ్లలో పన్నెండింటికి గేటు వేసేసి గార్డు లోపల పడుకోవడం మామూలే. అప్పుడు మీరు బయట రోడ్డు మీద హారన్ కొడుతూ నిలబడాలి.

అడిగే తీరు కూడా ఇంత సూటిగా ఉంటే చాలు:

‘‘నేను రాత్రి పదకొండుకి వస్తానండీ, ఒక్కదాన్నే. రిసెప్షన్ దగ్గర్లో ఒక చోటు ఉంచుతారా?’’

‘‘మేడమ్, ముందుగా వచ్చినవాళ్లకే అండీ, ఉంచలేం.’’

‘‘సరే, అయితే కారు పోర్టికోలో ఆపుతాను, మీ మనిషి వచ్చి బేస్‌మెంట్‌లో పెట్టిస్తాడా? లేకపోతే వేరే హోటల్ చూసుకుంటాను.’’

ఆ చివరి వాక్యం తర్వాత సాధారణంగా చోటు దొరుకుతుంది. ఈ పట్టణంలో రిసెప్షన్‌లో తెలుగు వచ్చినవాళ్లు చాలాచోట్ల ఉంటారు కాబట్టి భాష సమస్య కాదు, అడగడమే సమస్య. ఫోన్‌లో చిరాగ్గా మాట్లాడినా, ‘ఏమీ కాదు మేడమ్, సేఫ్ ఏరియానే’ అని దాటేసినా నేనైతే ఆ హోటల్ వదిలేస్తాను. సేఫ్ ఏరియా అన్నది నేనడిగిన ప్రశ్నకి జవాబు కాదు.

ఇంకో పని. గూగుల్ మ్యాప్స్‌లో స్ట్రీట్ వ్యూ 2022 జులై నుంచి మన దేశంలో పనిచేస్తోంది, మొదట వచ్చిన ఊళ్లలో బెంగళూరు ఒకటి. హోటల్ గేటు ముందు నిలబడి చూసినట్టు చూడొచ్చు: ర్యాంప్ ఎటువైపుంది, పక్కన ఖాళీ జాగా ఉందా, ఎదురుగా వైన్ షాపుందా. రివ్యూల్లో ‘పార్కింగ్’ అన్న మాట వెతికి చదవండి. గది గురించి పొగిడినవాళ్లు కూడా పార్కింగ్ దగ్గరికి వచ్చేసరికి నిజం రాస్తారు.

2. ఊరి పొలిమేరలోనే సర్దుకోండి, హోటల్ దగ్గర కాదు

దేవనహళ్లి దగ్గరో హొసకోటె దగ్గరో, లైట్లు బాగా ఉండి నలుగురు మనుషులున్న పెట్రోల్ బంక్‌లో ఆపండి. హోటల్ పార్కింగ్‌లో చెయ్యాలనుకున్న పనులన్నీ అక్కడే ముగించండి. సీటు మీది ల్యాప్‌టాప్ బ్యాగు డిక్కీలోకి మార్చాల్సింది ఇక్కడే. పార్కింగ్‌లో నిలబడి అందరి ముందూ డిక్కీ తెరిచి బ్యాగు లోపల దాచి లాక్ చేస్తే, ఎవరైనా చూస్తుంటే వాళ్లకి విలువైనది ఎక్కడుందో మీరే చెప్పినట్టవుతుంది. గుర్తింపు కార్డు, కొంచెం చిల్లర, రాత్రికి కావాల్సిన బట్టలు ఒక్క చిన్న బ్యాగులోకి తెచ్చుకోండి. పెద్ద సూట్‌కేస్ పొద్దున తెప్పించుకోవచ్చు. చెప్పులు కూడా పరుగెత్తడానికి వీలైనవి వేసుకోండి, హీల్స్ బ్యాగులో పెట్టుకోవచ్చు.

ఫోన్ ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి. ఇంట్లోవాళ్లకి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపండి. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని మూడు వాయిదాలుంటాయి, ఎనిమిది గంటలదే పెట్టండి. అయితే బేస్‌మెంట్‌లోకి దిగితే సిగ్నల్ పోతుంది, లొకేషన్ అక్కడే ఆగిపోయి కనిపిస్తుంది, ఇంట్లో అమ్మకి బీపీ పెరుగుతుంది. అందుకని ‘ఇప్పుడు కిందికి దిగుతున్నా, పది నిమిషాల్లో గదిలోంచి ఫోన్ చేస్తా, చెయ్యకపోతే హోటల్ నంబరుకి చెయ్యి’ అని ర్యాంప్ దిగే ముందే చెప్పాలి. హోటల్ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి కదా మరి, అదీ పంపండి.

112 సంగతి. పోలీస్, ఫైర్, అంబులెన్స్ అన్నిటికీ కలిపి ఉన్న అత్యవసర నంబరు ఇది, కర్ణాటకలోనూ పనిచేస్తుంది. స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ గబగబా నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లే సదుపాయం ఉంటుంది, కొన్నింటిలో 3 సార్లు, కొన్నింటిలో 5 సార్లు. మీ ఫోన్‌లో ఎన్నిసార్లో, అసలు అది ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో ‘ఎమర్జెన్సీ ఎస్ఓఎస్’ అని వెతికి ఇవాళే చూసుకోండి. కర్ణాటక పోలీసుల కేఎస్‌పీ యాప్‌లో కూడా ఎస్ఓఎస్ బటన్ ఉంది, బయల్దేరేముందే వేసుకుని నంబరు రిజిస్టర్ చేసుకోవాలి. బేస్‌మెంట్‌లో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం కుదరదు.

3. వెనకాల ఎవరైనా వస్తున్నారనిపిస్తే హోటల్‌కి తిప్పకండి

టోల్ గేట్ దగ్గర చూసిన బండే మీరు మలుపు తిరిగినప్పుడల్లా అద్దంలో కనిపిస్తుంటే హోటల్ దాటేసి ముందుకి పొండి. ఒక చుట్టు తిరిగి చూడండి. ఇంకా వెనకాలే ఉంటే దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో జనం ఉన్న బంక్‌కో పోనిచ్చి 112కి చెప్పండి. మీరు ఏ హోటల్‌లో దిగారో వాళ్లకి తెలియకూడదు, అంతే. నగరంలో కొన్ని కూడళ్లలో నిర్భయ నిధితో పెట్టిన సేఫ్టీ ఐలాండ్ బాక్సులు కూడా ఉన్నాయి, బటన్ నొక్కితే కంట్రోల్ రూమ్‌తో మాట్లాడొచ్చు. కానీ కారులో ఉన్నంతసేపూ కారే మేలు, దిగి బాక్స్ దాకా నడవక్కర్లేదు.

అర్ధరాత్రి ఎవరో బైక్ మీద వచ్చి అద్దం కొట్టి ‘గుద్దేశావు, దిగు’ అని గొడవకి దిగడం ఈ ఊళ్లో విన్నదే. నిజంగా తగిలిందో లేదో మీకే తెలుసు. అద్దం దించకుండా, తలుపు లాక్‌లోనే ఉంచి, ‘స్టేషన్‌కి పదండి’ అని సైగ చేసి కదలండి. డ్యాష్ కెమెరా మీద పెట్టే నాలుగైదు వేలు ఇక్కడ పనికొస్తాయి.

4. ముందు పోర్టికో, తర్వాతే పార్కింగ్

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి. చాలామంది గేటులోకి రాగానే గార్డు చెయ్యూపిన వైపు నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగి, కారు పెట్టి, సామానంతా మోసుకుంటూ పైకి వచ్చి చెకిన్ చేస్తారు. తలకిందుల పద్ధతి. కారు పోర్టికోలో ఆపి, హజార్డ్ లైట్లు వేసి, లాక్ చేసుకుని లోపలికి వెళ్లండి. చెకిన్ ముగించండి. సామాను పైకి పంపించెయ్యండి. అప్పుడు హోటల్ మనిషిని ఒకర్ని వెంట తీసుకుని కారు పెట్టడానికి వెళ్లండి. దీనివల్ల లాభమేమిటంటే, మీరు కిందికి దిగేసరికి మీ పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, మీరు కిందికి వెళ్లారని ఇద్దరు మనుషులకి తెలుస్తుంది, చేతిలో తాళం, ఫోన్ తప్ప ఇంకేమీ ఉండదు. గార్డు ‘ఇక్కడ ఆపకూడదు మేడమ్’ అంటాడు. ‘ఐదు నిమిషాలు అన్నా, చెకిన్ చేసి వస్తా’ అనండి. వెనక వేరే కారు వచ్చి హారన్ కొట్టినా ఐదు నిమిషాలు కొట్టనివ్వండి.

బెంగళూరులో హోటల్ గార్డుల్లో చాలామంది అస్సాం, ఒడిశా, బిహార్, నేపాల్ వాళ్లు, కాబట్టి హిందీ నడుస్తుంది. స్థానికులైతే ‘నన్న జొతె స్వల్ప బన్ని’ అంటే నాతో కాస్త రండి అని, ‘లైట్ హాకి’ అంటే లైట్ వెయ్యండి అని. ‘కార్ ఎల్లి నిల్లిసబేకు?’ అంటే కారు ఎక్కడ ఆపాలి అని. అన్నా అని పిలిస్తే ఎవరైనా కదులుతారు. పని అయ్యాక ఓ యాభై రూపాయలు చేతిలో పెట్టండి, పొద్దున మళ్లీ అతనితోనే పని.

చెకిన్ దగ్గర ఇంకో మాట. గది నంబరు పైకి చదవనివ్వకండి, కార్డు కవర్ మీద రాసి ఇమ్మనండి. లాబీలో కూర్చున్నవాళ్లకి ఏ అమ్మాయి ఏ గదిలో ఒక్కతే ఉందో తెలియాల్సిన పని లేదు. ఆధార్ ఇవ్వాల్సివస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

వ్యాలే ఉంటే రాత్రిపూట వ్యాలేకే ఇచ్చెయ్యమని నా సలహా, డబ్బు తీసుకున్నా సరే. కానీ ఇచ్చేముందు ఇంటి తాళాలు గుత్తిలోంచి తీసెయ్యండి, ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితాల మీద మీ ఇంటి చిరునామా ఉంటుంది కాబట్టి అవి గ్లవ్ బాక్స్‌లో వదలకండి, మ్యాప్స్‌లో ‘హోమ్’ సేవ్ చేసి ఉన్న కారు స్క్రీన్ కూడా ఒకసారి చూసుకోండి. ఓడోమీటర్ ఫోటో, కారు నాలుగు వైపులా ఫోటోలు, టోకెన్ ఫోటో. యూనిఫాం, పేరు బిళ్ల లేనివాడికి తాళం ఇవ్వకండి, గేటు దగ్గర ‘ఇవ్వండి మేడమ్, నేను పెట్టేస్తా’ అని చెయ్యి చాపినవాడు హోటల్ మనిషే అయ్యుండాలని రూలేం లేదు.

టోకెన్ వెనక సన్న అక్షరాల్లో ‘కారుకి ఏమైనా అయితే బాధ్యత కారు యజమానిదే’ అని ఉంటుంది, దాన్ని చూసి బెదిరిపోకండి. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో వ్యాలేకి ఇచ్చిన ఒక మారుతి జెన్ కారు పోయింది. ఆ కేసు నడిచి నడిచి 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు దగ్గర తేలింది: తాళం తీసుకుని కారు తమ అధీనంలో ఉంచుకున్న హోటల్, ఆ సన్న అక్షరాలు చూపించి తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదు, తగినంత జాగ్రత్త తీసుకున్నామని హోటలే చూపించుకోవాలి. ఇది తాళం వాళ్ల చేతికిచ్చినప్పటి సంగతి. మనమే పెట్టుకుని తాళం బ్యాగులో వేసుకుంటే వాదన అంత తేలిగ్గా నడవదు.

5. మీరే పెట్టాల్సివస్తే ఎక్కడ పెట్టాలి

ర్యాంప్ దిగగానే హెడ్‌లైట్లు వేసే ఉంచి ఒక చుట్టు తిరగండి. అలాంటి బేస్‌మెంట్ ఎలా ఉంటుందో తెలిసిందే: దిగేచోట రెండు ట్యూబ్‌లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతుంటాయి, మలుపు తిరిగాక ఒకటి మిణుకుమిణుకుమంటుంటుంది, ఇంకోటి ఎప్పుడో పోయింది, మూల పాత పరుపులు, విరిగిన కుర్చీలు, పెయింట్ డబ్బాలు, జనరేటర్ గది పక్కన తడిసిన నేల. ఖాళీలన్నీ ఆ మూలనే ఉంటాయి, ఎందుకంటే అక్కడ ఎవరికీ పెట్టబుద్ధి కాదు. జనరేటర్ ఆన్‌లో ఉంటే కేకేసినా వినపడదు కూడా.

లిఫ్ట్ తలుపు కనిపించేచోటు, లైటు కింద, కెమెరా చూపు పడేచోటు, ఇదే వరస. పక్కన పెద్ద వ్యాను గానీ టెంపో ట్రావెలర్ గానీ ఉంటే వద్దు, ముఖ్యంగా డ్రైవర్ వైపు. పిల్లర్‌కి ఆనించి పెడితే కారుకి గీత పడదని మన వాళ్లకి ఇష్టం, కానీ పిల్లర్ వెనక ఎవరున్నారో కనపడదు. వెనక్కి పెట్టండి, ముక్కు బయటికి ఉండాలి. పొద్దునో అర్ధరాత్రో వెళ్లాల్సివస్తే ఒక్క కదలికలో బయటపడొచ్చు. రివర్స్ చెయ్యడం కష్టమనిపిస్తే పగలు ఖాళీ గ్రౌండ్‌లో నేర్చుకోండి, ఇది నిజంగా పనికొచ్చే విద్య.

మెకానికల్ పార్కింగ్ అయితే కారు మీరు ఎక్కించక్కర్లేదు, ఆపరేటర్‌తో చేయించండి. పలక కదిలేటప్పుడు కారులో ఉండకూడదు. రాత్రి ఆపరేటర్ లేకపోతే మీ కారు పొద్దుటిదాకా కిందికి రాదు, ఆ సంగతి ముందే కనుక్కోండి.

స్టిల్ట్ పార్కింగ్‌లో మీ వెనక కారు పెట్టినవాళ్లు ఎవరు, మీరు ఎవరి వెనక పెట్టారు అన్నది రిసెప్షన్‌లో అడిగి రాసుకోండి. ఎందుకో ఏడో అంకెలో చెప్తాను.

6. దిగే ముందు కాసేపు, దిగాక ఆగకుండా

కారు పెట్టాక వెంటనే ఇంజిన్ ఆపకండి. తలుపులు లాక్‌లోనే ఉంచి అద్దాల్లో చుట్టూ చూడండి. ఎవరైనా పని లేకుండా నిలబడి ఉన్నారా? పక్క కారులో ఎవరైనా కూర్చుని ఉన్నారా? డ్రైవర్లు కార్లలో పడుకోవడం సహజమే, తప్పుగా అనుకోనక్కర్లేదు, కానీ ఉన్నారని తెలుసుకోవాలి. ఏదైనా తేడాగా ఉంటే కారు తీసి మళ్లీ పోర్టికోకి వెళ్లిపోండి, కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఫోన్ మాట్లాడటం, మెసేజ్‌లకి జవాబివ్వడం, లిప్‌స్టిక్ సర్దుకోవడం, టోల్ రసీదులు వెతకడం లాంటివన్నీ ఇక్కడ కూర్చుని చెయ్యకండి. ఆగిన కారులో తలదించుకుని కూర్చున్న మనిషికి చుట్టుపక్కల ఏం జరుగుతోందో తెలియదు. ఇయర్‌ఫోన్లు తీసెయ్యండి.

దిగాక రిమోట్ నొక్కడంతో సరిపెట్టకండి, హ్యాండిల్ లాగి చూడండి. రిమోట్ సిగ్నల్‌ని అడ్డుకునే జామర్లు వాడే దొంగలుంటారు. మీరు నొక్కుతారు, చప్పుడు వినపడినట్టే అనిపిస్తుంది, కారు మాత్రం తెరిచే ఉంటుంది. కొన్ని కార్లలో రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవర్ తలుపు మాత్రమే తెరుచుకునేలా సెట్ చేసుకోవచ్చు, రెండుసార్లు నొక్కితేనే అన్నీ. ఆ సెట్టింగ్ మీ కారులో ఉంటే పెట్టుకోండి, మీరు ఎక్కుతున్నప్పుడు అవతలి తలుపు నుంచి ఇంకొకరు ఎక్కే వీలుండదు.

పిల్లర్ నంబరు ఫోటో తీసుకుని కార్ల మధ్య సందుల్లోంచి కాకుండా బండ్లు తిరిగే దారి మధ్యలోంచి నడవండి. మెట్ల కంటే లిఫ్ట్ మేలు, నిర్మానుష్యమైన మెట్ల దారి కంటే ర్యాంప్ మీదుగా నడిచి గేటు దగ్గరికి రావడం కూడా మేలే, అక్కడ గార్డు కనిపిస్తాడు. ఎదురుగా బండి వస్తుందేమో చూసుకుంటూ రండి. లిఫ్ట్ వచ్చాక అందులో ఉన్న మనిషి నచ్చకపోతే ఎక్కకండి. మీరు ఎక్కాక అతను ఎక్కితే దిగిపోండి. ‘ఏదో మర్చిపోయాను’ అని వంక చెప్పాల్సిన పని కూడా లేదు. బటన్ల పక్కన నిలబడండి, గ్రౌండ్ ఫ్లోర్‌లో దిగి రిసెప్షన్ మీదుగా వెళ్లండి, నేరుగా గది ఉన్న అంతస్తుకి వెళ్లకండి.

కరెంటు పోతే జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లు కదలకుండా గోడకి వీపు ఆనించి ఫోన్ టార్చ్ వెయ్యండి. బెంగళూరులో వానాకాలం సాయంత్రాల్లో ఇది తరచూ ఉండేదే.

స్కూటీ మీద వచ్చేవాళ్లకి ఒక్క మాట: బేస్‌మెంట్‌లోకి దింపమన్నా దిగకండి, గార్డు కుర్చీ పక్కన పెట్టనివ్వమని అడగండి. రెండు చక్రాల బండికి చోటు ఎక్కడైనా దొరుకుతుంది.

7. దృష్టి మళ్లించే ఎత్తులు

‘మేడమ్, ఆయిల్ కారుతోంది.’ ‘టైర్‌లో గాలి లేదు.’ ‘డబ్బులు కింద పడ్డాయి చూడండి.’ ‘డిక్కీ తెరిచి ఉంది.’ ఇవన్నీ మిమ్మల్ని సీట్లోంచి లేపడానికో, తల ఒక పక్కకి తిప్పించడానికో. ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడు అవతలి తలుపు తెరిచి బ్యాగు పట్టుకుపోతాడు. జవాబు ఒక్కటే: అద్దం దించకుండా తల ఊపి, కారుని లైట్లున్న చోటికి తీసుకెళ్లి అక్కడ చూసుకోండి. గాలి నిజంగానే లేకపోయినా మెల్లగా యాభై మీటర్లు నడిపితే కొంప మునగదు, ఆ టైర్ ఖరీదు ఎంతని.

సాయం అడిగేవాళ్ల సంగతి కష్టం, మన మనసు ఒప్పుకోదు. చంటిబిడ్డతో ఎవరైనా ‘ఫోన్ ఒకసారి ఇవ్వండక్కా’ అంటే ఫోన్ చేతికివ్వకుండా రిసెప్షన్‌కి తీసుకెళ్లండి, అక్కడ ల్యాండ్‌లైన్ ఉంటుంది. సాయం చేసినట్టే, మీరు బేస్‌మెంట్‌లో నిలబడనట్టే.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. గదికి వెళ్లి పడుకున్నాక అర్ధరాత్రి రెండింటికి ఇంటర్‌కమ్ మోగుతుంది, లేదా ఎవరో తలుపు కొడతారు: ‘మీ కారు అడ్డంగా ఉంది, కిందికొచ్చి తియ్యండి.’ చిన్న హోటళ్లలో ఇది నిజమే కావచ్చు, తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్లు బయటికి తియ్యాలి కదా. కానీ నిద్రమత్తులో నైటీ మీద చున్నీ వేసుకుని ఒక్కరే బేస్‌మెంట్‌కి దిగకండి. తలుపు తియ్యకుండా ముందు మీరే రిసెప్షన్‌కి ఫోన్ చేసి, ఎవరి కారు, ఏ గదివాళ్లది అని అడగండి. చెకిన్ దగ్గర రాసుకున్నదానితో సరిపోలుతుంది కదా. సరిపోలినా మీరు వెళ్లక్కర్లేదు: తాళం రిసెప్షన్‌లో ఇచ్చి వాళ్లనే తియ్యమనండి, లేదంటే గార్డు పైకి వచ్చి తీసుకెళ్లాలి అనండి. ఇంకా తేలిక దారి, చెకిన్ అప్పుడే ‘రాత్రి నా కారు తియ్యాల్సివస్తే మీరే తియ్యండి’ అని స్పేర్ తాళం సీల్డ్ కవర్‌లో పెట్టి సంతకం చేయించుకుని ఇవ్వడం.

8. నిజంగా ఏదైనా జరిగితే

కారు దగ్గరున్నప్పుడైతే లోపలికి దూరి లాక్ చేసి హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యకండి. బేస్‌మెంట్‌లో హారన్ మోత పై అంతస్తు దాకా వినిపిస్తుంది. కొన్ని రిమోట్లలో పానిక్ బటన్ ఉంటుంది, దూరం నుంచి కూడా అలారం మోగుతుంది. దూరంగా ఉంటే వెలుతురు వైపు పరుగెత్తుతూ గట్టిగా అరవండి, ‘సహాయ మాడి, బేగ బన్ని’, అంటే సాయం చెయ్యండి, త్వరగా రండి అని. బ్యాగు అడిగితే ఒకవైపు విసిరేసి రెండోవైపు పరుగెత్తండి. కారు తాళం అడిగినా అంతే. పెప్పర్ స్ప్రే గురించి: గాలి ఆడని బేస్‌మెంట్‌లో అది మీ కళ్లలోకీ వస్తుంది, కొట్టి అక్కడే నిలబడకుండా పారిపోవడానికి మాత్రమే. విమానంలో చేతి బ్యాగులో తీసుకెళ్లనివ్వరని కూడా గుర్తుంచుకోండి.

112తో మాట్లాడేటప్పుడు హోటల్ పేరు, ఏరియా, ఏ బేస్‌మెంట్, ఏ పిల్లర్, ముందు ఇవి చెప్పండి, కథ తర్వాత. తెలుగులో చెప్పినా అర్థం చేసుకునేవాళ్లు దొరకొచ్చు, కానీ ఇంగ్లిష్, హిందీ, కన్నడల్లో మీకు వచ్చింది వాడండి.

ఆ తర్వాతి పని కెమెరా ఫుటేజ్. ‘మేనేజర్ పొద్దున వస్తారు మేడమ్, అప్పుడు చూద్దాం’ అంటారు. ఊరుకోవద్దు. తేదీ, సమయం, చోటు రాసి, ఫుటేజ్ భద్రపరచమని హోటల్ ఈమెయిల్‌కి ఆ రాత్రే పంపండి, వాట్సాప్‌లో కూడా. కర్ణాటక ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం 2017 ప్రకారం, ఒకేసారి వందమందికి పైగా వచ్చిపోయే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజ్ దాచాలి. చిన్న హోటళ్లలో అంతకాలం ఉంటుందన్న నమ్మకం లేదు కాబట్టి తొందరపడాలి.

ఫిర్యాదుకి ‘ఇది మా పరిధి కాదు’ అంటే ఒప్పుకోకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అంటే మీరు మర్నాడు ఊరికి వెళ్లిపోవాల్సివచ్చినా అనంతపురంలోనో కర్నూలులోనో కూడా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి. వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, దెబ్బ తగిలితేనే కేసు అనుకోకండి. అద్దం పగిలితే ముక్కలు ఏరకుండా, కారు ముట్టుకోకుండా ముందు ఫోటోలు తియ్యండి, ఇన్సూరెన్స్‌కీ అవే కావాలి.

9. తెల్లవారుజామున వెళ్లిపోయేటప్పుడు

కెంపేగౌడ విమానాశ్రయం ఊరి నడిబొడ్డు నుంచి 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఆరింటి విమానమైతే మూడున్నరకే గదిలోంచి కదలాలి. రాత్రి వచ్చినప్పటి జాగ్రత్తలే, వరస తలకిందులు. ముందు రోజు రాత్రే చెప్పి కారు పోర్టికోకి తెప్పించుకోండి. వాళ్లు కుదరదంటే గార్డుని తోడు తీసుకెళ్లి, సామాను పైనే ఉంచి, కారు మీరే పైకి తెచ్చి అక్కడ ఎక్కించుకోండి. తాళం ముందే చేతిలో ఉండాలి, ఎక్కే ముందు వెనక సీటులోకి టార్చ్ కొట్టండి. అద్దం మీదో వైపర్ కిందో కాగితం కనిపిస్తే తియ్యడానికి దిగకండి, దారిలో తీసుకోవచ్చు. మ్యాప్ బేస్‌మెంట్‌లో లోడ్ అవ్వదు, జీపీఎస్ కూడా అందదు, కాబట్టి గదిలోనే పెట్టుకుని రండి.

క్యాబ్‌లో వెళ్తుంటే డ్రైవర్ ‘కింద పార్కింగ్‌లో ఉన్నా మేడమ్, రండి’ అంటే వెళ్లకండి, గేటు దగ్గరికి రమ్మనండి. బండి నంబరు చూసి, ఓటీపీ చెప్పే ముందు మీ పేరు అతన్నే అడగండి.

ఊరికి చేరాక హోటల్‌కి రివ్యూ రాయండి, గది గురించి ఒక లైను, పార్కింగ్ గురించి నాలుగు లైన్లు: బేస్‌మెంట్ రెండులో ఎన్ని లైట్లు వెలుగుతున్నాయి, లిఫ్ట్ అక్కడిదాకా వస్తుందా, రాత్రి గార్డు లేచే ఉన్నాడా, తోడు రమ్మంటే వచ్చాడా. బాగా చూసుకున్న హోటల్ అయితే అదీ రాయండి, తెలుగులో రాసినా పరవాలేదు.